పదిహేనేళ్లు దాటిన వ్యాను: ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్‌కు బహిరంగ లేఖ



విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో ఇంటి బండి అంటే చాలాకాలం పాటు వ్యానే. నలుగురు కూర్చునే కారు ఇక్కడి ఇళ్లకు చాలదు. శివరాత్రికి రామతీర్థం వెళ్లినా, దసరా దాటాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను చూడ్డానికి విజయనగరం వెళ్లినా, ఆదివారం అరసవల్లి వెళ్లినా ముసలివాళ్ల దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా ఒకే బండిలో కదలాలి. అర్ధరాత్రి ఎవరికైనా గుండె పట్టేస్తే నెల్లిమర్లకో విశాఖకో పడుకోబెట్టి తీసుకెళ్లడానికి పొడుగాటి వెనక సీటు ఉండాలి. కోతల రోజుల్లో అదే బండి ధాన్యం బస్తాలు మోయాలి. ఇన్ని పనులకూ మొదట దొరికింది మారుతి వ్యాను. 1984లో వచ్చి, 1988లో ఓమ్ని అనే పేరు పెట్టుకుని, 2019 దాకా పెద్దగా రూపం మారకుండా తయారైంది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, రెండు పక్కలా జరిపే తలుపులు, వెనక కమాను కట్టలు, పన్నెండు అంగుళాల చక్రాలు. అంతకు మించి అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. లేకపోవడమే దాని బలం కూడా. ఊరి మెకానిక్కుకి అర్థం కాని భాగం ఒక్కటీ ఉండేది కాదు.

తరవాత వచ్చినవి ఎన్నో. 2001లో వర్సా వచ్చింది, నిలబడలేదు. దాని ఒడ్డూపొడుగులతోనే 2010లో 1196 సీసీ ఇంజిన్‌తో ఈకో వచ్చింది, ఇది నిలబడింది. కాస్త చేతిలో డబ్బున్న ఇళ్లకు 2000 నుంచి క్వాలిస్, 2005 నుంచి ఇన్నోవా. 2012లో ఎర్టిగా వచ్చాక ఉద్యోగస్తుల ఇళ్లు అటు మళ్లాయి. ఇప్పుడైతే మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర తయారయ్యే కియా క్యారెన్స్ కూడా ఈ వరసలోదే. చట్టం మాత్రం వీటన్నిటినీ ఒక గాటన కట్టదు. డ్రైవరు కాక ఆరుగురి కంటే ఎక్కువమందికి చోటున్న బండిని 1988 మోటారు వాహనాల చట్టం కారుగా కాక ‘ఓమ్నిబస్’గా లెక్కిస్తుంది. ఏడు సీట్ల బండి కారే; ఎనిమిది సీట్లదైతే మరో తరగతి. ఒకే రేకు, ఒకే ఇంజిన్ ఉన్న రెండు బండ్లు సీటు లెక్క తేడాతో సి బుక్కులో వేరు వేరు పేర్లతో ఉండడం కొన్నవాళ్లకు చాలామందికి తెలియదు. బీమా కట్టేటప్పుడో, బండి అమ్మేటప్పుడో బయటపడుతుంది.

ఈ లేఖ కొత్త బండ్ల సంగతి కాదు. పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం రవాణా కార్యాలయానికి వచ్చే వ్యాన్లలో నిజంగా అరిగేది ఏది, పరీక్షలో చూడవలసింది ఏది అన్నదే ఇందులోని విషయం.

అరిగేది ఇంజిన్ అని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. ఓమ్ని ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే చేతికి అందుతుంది. ఆయిలు వేళకు మార్చి, నీళ్లకు బదులు కూలెంట్ పోసి, వేడి ముల్లు మీద ఒక కన్నేసి ఉంచితే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. దానికి వచ్చే ముఖ్యమైన జబ్బు వేడే. నీటి గొట్టం పగిలిన సంగతి గమనించకుండా నడిపితే హెడ్డు వంగి, గ్యాస్కెట్ పోతుంది. అదైనా బాగుచేయించుకోగలిగినదే. బోరు చేయించి, పిస్టన్ రింగులు మార్చి, వాల్వులు రుద్దించుకుంటే బండి మళ్లీ దారిలో పడుతుంది. క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు, చక్రాల బేరింగులు, షాకబ్జార్బర్లు అన్నీ ఇంతే. కొట్టులో దొరుకుతాయి, మార్చుకోవచ్చు. ఇన్నోవా లాంటి డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో వంటివి ఖరీదెక్కువ. అయినా అవీ మార్చుకునే భాగాలే.

మార్చుకోలేనిది అడుగు రేకు. క్వాలిస్, టవేరా, ఇన్నోవా, బొలేరోలకు కింద విడిగా ఉక్కు ఛాసిస్ ఉంటుంది. పై బాడీని దాని మీద బిగిస్తారు. ఓమ్నికి, ఈకోకి, ఎర్టిగాకి అలాంటి ఛాసిస్ లేదు. అడుగు రేకు, దానికి అతికిన పలచని పెట్టె కమ్మీలు, పక్క గోడలు, పైకప్పు కలిసి ఒకే పంజరంగా బరువు మోస్తాయి. ఓమ్నిలో కమాను కట్టలు ఆ పంజరానికే వేలాడతాయి. సీటు బెల్టు బోల్టులు కూడా అందులోకే దిగుతాయి. అందుకే ఈ బండ్లలో తుప్పు అందచందాలకు సంబంధించిన సంగతి కాదు. మనిషికి ఎముక గుల్లబారడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైకి నడుస్తున్నట్టే ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు నిలబడదు.

ఉత్తరాంధ్రలో ఆ తుప్పుకు కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. రామతీర్థం కొండల మీద నిలబడి చూస్తే పైరు పొలాలే కనిపిస్తాయి కానీ సముద్రం దూరం కాదు. పూసపాటిరేగ మండలంలోని కోనాడ, చింతపల్లి, భోగాపురం మండలంలోని ముక్కాం లాంటి మత్స్యకార గ్రామాల్లో బండి రాత్రంతా ఉప్పు గాలిలోనే నిలబడుతుంది. ఆ గాలి మోసుకొచ్చే ఉప్పు రేకు మీద వాలి తేమను పీల్చి పట్టుకుంటుంది. ఎండలో పైన ఆరినా మడతల్లో ఆరదు. దానికి తోడు చాలా ఇళ్లలో అదే వ్యానులో చేపల గంపలు వేస్తారు. గంపల నుంచి కారిన ఉప్పునీరు మ్యాటు కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. లోపలి గ్రామాల్లో ఉప్పుకు బదులు ఎర్రమట్టి ఆ పని చేస్తుంది. వానాకాలంలో చక్రాల గూళ్లలోకి చిమ్మిన మట్టి ముద్దకట్టి, నెలల తరబడి తడిగుడ్డలా రేకుకు అంటుకుని ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు నీళ్లలో నిలిచిపోయిన బండ్ల సంగతి వేరే చెప్పాలి. ఇంజిన్ విప్పి కడిగించుకున్న వాళ్లున్నారు గానీ, తలుపుల లోపలికీ పెట్టె కమ్మీల లోపలికీ చేరిన బురదను కడిగించిన వాళ్లు తక్కువ. కొన్నేళ్లకు ఆ బండ్లకు లోపలి నుంచి చిల్లులు పడ్డాయి.

జరిపే తలుపు పట్టాను దగ్గర నుంచి చూస్తే ఈ కథంతా కనిపిస్తుంది. తలుపు కింద ఒక సన్నని కాలువ, అందులో దొర్లే చిన్న రోలరు. గుడికి వెళ్లొచ్చిన బండి అయితే ఆ కాలువలో ఇసుక, కొబ్బరి పీచు, పసుపు బియ్యపు గింజలు, ఎండిన బంతిపూల రేకులు ఉంటాయి. తలుపు బిగుసుకుంటే పట్టాలో గ్రీజు పూస్తారు. గ్రీజుకు ఇసుక అంటుకుని గరుకు కాగితంలా రోలరునూ పట్టానూ అరగదీస్తుంది. పట్టాకు అడుగున నీరు పోయే సన్నని రంధ్రాలుంటాయి. అవి పూడిపోయాక తలుపు పక్కనుంచి దిగిన వాన నీరు బయటికి పోయే దారిలేక రన్నింగ్ బోర్డు లోపలికి వెళుతుంది. రెండో ఏడో మూడో ఏడో పెయింటు కింద చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. పొక్కు గోకితే గోధుమ రంగు పొడి రాలుతుంది. ఆ పొడి రాలిందంటే రేకు అప్పటికే లోపలివైపు నుంచి పోయిందని అర్థం. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు అది. ఆ దశలో ఒక పిన్నీసుతో రంధ్రాల్లోని మట్టి తీసి, మ్యాటు ఎత్తి ఎండబెట్టుకుంటే బండికి మరో అయిదారేళ్లు దొరుకుతాయి. చేసేవాళ్లు చాలా అరుదు.

దీనికి ఊళ్లలో చేస్తున్న వైద్యం జబ్బు కంటే చెడ్డది. పదిహేనేళ్లు నిండబోతున్నాయనగానే బండిని టింకరింగ్ షాపులో పెడతారు. చిల్లు మీద కొత్త రేకు ముక్క అతికి, పైన పుట్టీ పూసి, రంగు కొడతారు. అడుగున నల్లటి అండర్ కోటింగ్ దట్టంగా పూస్తారు. తుప్పును పూర్తిగా గీకి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి ఆ పైన పూస్తే అండర్ కోటింగ్ మంచిదే. తుప్పు మీదే పూస్తే తేమ లోపల బందీ అయిపోయి, రేకును కంటికి కనబడకుండా తింటూ పోతుంది. పరీక్ష రోజున మాత్రం అలాంటి బండి కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంది.

అందువల్ల పొడిగింపు పరీక్షలో దీపాలు, హారను, అద్దాలు, ఛాసిస్ నంబరు చూసి సరిపెడితే అసలు రోగం తెలియదు. బండిని గుంట మీదో లిఫ్టు మీదో ఎక్కించి అడుగు చూడాలి. చిన్న సుత్తితో తట్టితే గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. చూడవలసిన చోట్లు కొన్నే: డ్రైవరు పాదాల కింది రేకు, రన్నింగ్ బోర్డు రెండు చివరలు, కమాను కట్టలు వేలాడే బ్రాకెట్లు, వెనక చక్రాల గూళ్లు, సీటు బెల్టు బోల్టు దిగే చోటు. వీటికి తోడు బ్రేకు గొట్టాలు. అవి సన్నని ఉక్కు గొట్టాలు, బండి అడుగునే పొడుగునా సాగుతాయి. క్లిప్పు పట్టుకున్న చోట మట్టి చేరి అక్కడే తుప్పు పడతాయి. మామూలుగా తొక్కితే బ్రేకు పడుతుంది. ఎదురుగా గేదె వచ్చినప్పుడు బలమంతా వేసి తొక్కితే ఆ చోటే పగలవచ్చు. తీర మండలాల బండ్లకు ఈ అయిదారు చోట్ల పరీక్షను తప్పనిసరి చేసి, ఫలితాన్ని తెలుగులో రాసిన కాగితం మీద యజమానికి ఇవ్వడం శాఖకు పెద్ద ఖర్చు కాదు. బండి నెగ్గినా ఆ కాగితం ఉపయోగపడుతుంది. మెకానిక్కుకి ఏం చెప్పాలో యజమానికి తెలుస్తుంది.

పదిహేనేళ్లు నిండిన సొంత బండిని తుక్కు కింద ఇచ్చేయాల్సిందేనన్న అపోహ పల్లెల్లో బలంగా పాతుకుపోయింది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ల డీజిల్ బండ్లకూ పదిహేనేళ్ల పెట్రోలు బండ్లకూ పెట్టిన ఆంక్షల వార్తలు, 2021 ఆగస్టు 13న మొదలైన తుక్కు విధానం వార్తలు కలిసిపోయి ఈ అపోహ పుట్టింది. ఢిల్లీ ఆంక్షలు ఆంధ్రప్రదేశ్‌కు వర్తించవు. తుక్కు విధానం సొంత బండి యజమానికి ఇచ్చింది ఒక వెసులుబాటు: గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి బండి ఇచ్చి ధ్రువపత్రం తీసుకుంటే కొత్త బండి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు, రాష్ట్రం ఒప్పుకున్న మేరకు పన్ను రాయితీ దొరుకుతాయి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే తీసేయాలన్నది ప్రభుత్వ వాహనాల విషయంలో. సొంత బండి రిజిస్ట్రేషన్‌ను మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ కింద అయిదేళ్లు పొడిగించుకోవచ్చు, మళ్లీ మళ్లీ కూడా.

ఆ పొడిగింపు మాత్రం ఇప్పుడు చౌక కాదు. కారుకు 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాలకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గడువు దాటితే కారుకు నెలకు 500 చొప్పున అపరాధ రుసుము. దీనికి రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను అదనం. ఏళ్ల కిందట చేతులు మారిన ఓమ్నికి దాని ధరతో పోలిస్తే ఇది బరువే. ఇంత తీసుకుంటున్నప్పుడు జరిగే పరీక్ష కూడా ఆ డబ్బుకు తగ్గట్టు ఉండాలన్నది న్యాయమైన కోరిక. గడువుకు అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చని నిబంధన ఉన్నా ఆ సంగతి చాలామందికి ఆలస్య రుసుము కట్టే రోజు వరకు తెలియదు. సి బుక్కులో ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది కాబట్టి సందేశం పంపి ఊరుకుంటే లాభం లేదు. మండల కేంద్రంలో, ఉదాహరణకు నెల్లిమర్లలో, కోతలు లేని నెలల్లో పొడిగింపు శిబిరం పెట్టి, గ్రామ సచివాలయంలో ఆ ఏడాది గడువు ముగిసే బండ్ల నంబర్లు అంటిస్తే ఏజెంటు అవసరం సగం తగ్గిపోతుంది. ఈ రెండు జిల్లాల్లో ఇప్పుడు పదిహేనేళ్లకు వస్తున్న బండ్లు ఎక్కువగా ఏపీ 35, ఏపీ 30 నంబర్లవే. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే అయింది. కాబట్టి పాత నంబర్లను జిల్లాల వారీగా వేరు చేయడం కష్టమేమీ కాదు.

ఇంధనం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత వ్యాన్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్ కలపని పెట్రోలు కోసం తయారై, పది శాతానికి సర్దిన నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో వేసిన అంచనా. మైలేజీ తగ్గడం జేబుకు నష్టం. గొట్టం మెత్తబడి చెమర్చడం అంతకంటే ప్రమాదం. ఎందుకంటే ఓమ్నిలో ఇంజిన్ మీదే మనుషులు కూర్చుంటారు. పెట్రోలు గొట్టాలను కొత్త రకానివి వేయించుకోవడం కొద్దిపాటి ఖర్చుతో అయిపోయే పని. పొడిగింపు సమయంలో దాన్ని కూడా అడగవచ్చు.

గ్యాస్ కిట్ల మాట మరింత కటువుగా చెప్పాలి. అనుమతి పొందిన కిట్ వేయించుకుని సి బుక్కులో రాయించుకుంటే తప్పు లేదు. వెనక సీటు కింద వంటింటి సిలిండరు పెట్టి, రబ్బరు గొట్టంతో ఇంజిన్‌కు కలిపిన బండ్లు మాత్రం పిల్లల్ని బడికి తీసుకెళుతూ కూడా కనిపిస్తాయి. పరీక్ష రోజున సిలిండరు ఇంట్లో ఉంటుంది. అయినా గొట్టం బిగించిన గుర్తులు, రేకుకు చేసిన రంధ్రం, మారిన కార్బురేటరు పోవు. చూసే కన్ను ఉంటే దొరుకుతాయి.

భద్రత విషయంలో ఈ బండ్ల గురించి దాచవలసింది లేదు. ఓమ్నిలో డ్రైవరు మోకాళ్లకూ ముందు రేకుకూ మధ్య జానెడు చోటు. ఎదురుగా గుద్దుకుంటే నలిగి దెబ్బను మింగే ముందుభాగం దానికి లేదు. కొత్త ప్రమాద పరీక్షల నిబంధనలు వచ్చాక తయారీ ఆగిపోవడానికి ముఖ్య కారణం అదే. గాలిసంచులు లేని ఈకోకు 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల భద్రతలో సున్నా నక్షత్రాలు ఇచ్చింది. ఇంటి పనులకు ఊళ్ల మధ్య మెల్లగా తిరిగే బండికీ, 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రంతా వచ్చే బండికీ ప్రమాదం ఒకటి కాదు. రెండో పనికి ఓమ్ని తగదని శాఖ బహిరంగంగా చెప్పాలి. ఎనిమిది సీట్ల ఓమ్నిల్లో ఎదురెదురు బల్లల మీద కూర్చున్న పిల్లలకు బెల్టుల్లేవు. ముందుకు చూసే వెనక సీట్లకు బెల్టులున్న బండ్లలోనూ అవి సీటు మడతల్లోకి పోయి ఏళ్లవుతుంది. పొడిగింపుకు వచ్చిన బండిలో ప్రతి బెల్టునూ లాగి, కొక్కెం పెట్టి చూడడానికి పట్టేది అయిదు నిమిషాలు.

అద్దెకు తిప్పడం ఇంకో మెలిక. తెల్ల నంబరు వ్యానులో పొరుగువాళ్లను విశాఖ ఆసుపత్రికి తీసుకెళితే వాళ్లు పెట్రోలు కొట్టిస్తారు. అది ఊరి మర్యాద. అదే వ్యాను రోజూ సెంటర్లో నిలబడి తలకింత అని ఎక్కించుకుంటే అది పర్మిట్ లేని రవాణా, 192ఏ సెక్షన్ కిందికి వస్తుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలుగులో నాలుగు వాక్యాల్లో చెప్పిన ప్రకటన ఒక్కటీ పల్లెల్లో కనబడదు.

బీమా లెక్కల్లో బండి విలువ మొదటి ఆరు నెలలకే 5 శాతం, అయిదో ఏడు నిండేసరికి సగం తగ్గిపోతుంది. ఆ తరవాత విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని వేసుకోవలసిందే. అందుకే పాత వ్యాన్లకు చాలామంది థర్డ్ పార్టీతో సరిపెడతారు. అది చట్టానికి చాలు. కానీ ఎదుటివాడి నష్టానికే అది పనికొస్తుంది. తుఫానుకు చెట్టు మీద పడితే పైసా రాదు.

చివరికి బండి ఇల్లు దాటుతుంది. చిన్న కొడుక్కి కొత్త బండి వచ్చాక పాత వ్యాను టిఫిను బండిగానో, కూరగాయల బండిగానో, ఐస్‌క్రీం బండిగానో మారి మరో మనిషికి అన్నం పెడుతుంది. ఆ మార్పు కాగితం మీద జరగదు. 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, తేదీ వేయకుండా కొన్నవాడి జేబులోనే ఉంచేస్తారు. వాడు మరొకడికి అమ్మేటప్పుడు అవే ఫారాలు చేతులు మారతాయి. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. రికార్డులో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారం బాధ్యత అతడిదేనని నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేసిన వ్యాను ఎవరినో గుద్దితే రామతీర్థంలోని పాత యజమానికి నోటీసు వస్తుందన్నమాట. అమ్మినవాడు ఒక్కడే సచివాలయానికి వెళ్లి, ఆధార్ చూపించి, ‘ఈ తేదీన ఈ బండి అమ్మాను’ అని నమోదు చేయించుకుంటే, కొన్నవాడు వచ్చి పేరు మార్చుకునే దాకా ఆ బండికి పొడిగింపు గానీ కాలుష్య ధ్రువపత్రం గానీ దొరకకుండా ఆపే ఏర్పాటు శాఖ కంప్యూటర్లలో పెట్టవచ్చు. పాత వ్యాన్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు శిబిరాలతో పాటే దీన్నీ మొదలుపెడితే ఒకే తిరుగుడులో రెండు పనులూ అవుతాయి.

ఇట్లు,
రామతీర్థం, నెల్లిమర్ల మండలం,
విజయనగరం జిల్లా నుంచి ఒక పాత వ్యాను యజమాని